కేబులు రాకముందే కదిలిన చెయ్యి

గంధవరం ఏరియా ఆసుపత్రికి వీడియో గేము వచ్చిన రోజున ఊళ్లో జ్వరాలు లేవని కాదు, జ్వరాలు చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. గుమ్మానికి రిబ్బను కట్టారు. కొబ్బరికాయ కొట్టారు. జిల్లా ఉపకరణాల సమన్వయాధికారి చక్రపాణి గారు పట్టుశాలువా భుజాన జారకుండా ఎడమచేత్తో పట్టుకుని, "ఆటతో ఆరోగ్యం" పథకం గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. ఎవరో పెద్దాయన ఏదో దేశంలో ఏదో ఆసుపత్రికి వెళ్లాడట. అక్కడ పక్షవాతం వచ్చినవాళ్లు టీవీ ముందు నిలబడి ఆటలాడుతూ నవ్వుతున్నారట. అది చూసి ఆయనా నవ్వాడట. ఆ నవ్వే జీవోగా మారి, పెట్టెలుగా మారి, జిల్లా జిల్లాకూ బయల్దేరింది.

ఆలోచన మంచిదే. ఆ సంగతి ఫిజియోథెరపీ వార్డు చూసే సుహాసినికి ఆ పెద్దాయన కంటే ముందే తెలుసు. పడిపోయిన చెయ్యి లేవాలంటే దాన్ని రోజుకి రెండు మూడు వందల సార్లు కదపాలి. ఖాళీ గోడ చూస్తూ ఎవరు కదుపుతారు, ఇరవైకే విసుగొస్తుంది. ఈ గేములో రిమోటుని చేతికి పట్టీతో తగిలిస్తారు. తెర మీద మామిడికాయలు రాలుతుంటాయి. చెయ్యి ఎటు జరిపితే బుట్ట అటు జరుగుతుంది, కాయ కిందపడకుండా పట్టుకోవాలి. కాయల ధ్యాసలో పడి లెక్క మర్చిపోతారు, చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది.

ఉపన్యాసం అయ్యాక పెట్టె విప్పారు. గేము పెట్టె ఉంది, రిమోటు ఉంది, పదకొండు భాషల్లో పుస్తకం ఉంది, అందులో తెలుగు లేదు. గేముని టీవీకి కలిపే కేబులు కూడా లేదు. థర్మకోలులో దాని ఆకారంలో గుంట మాత్రం ఉంది. ఆ గుంటలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి: "ఇందలి తీగ విద్యుత్ సామగ్రి కోవలోనికి వచ్చుచున్నందున, దానిని వేరుచేసి సంబంధిత స్టోరునకు జమచేయడమైనది." ప్లగ్గు తీగ కూడా విద్యుత్ సామగ్రే కాని, అది అడాప్టరుకి అతుక్కుని ఉండటం వల్ల బతికిపోయింది.

అయినా ఫొటో ఆగలేదు. సూపరింటెండెంటు డాక్టర్ పురుషోత్తం గారు రిమోటు చేతికి తగిలించుకుని, వార్డు గోడ మీద నల్లగా ఉన్న టీవీ వైపు చూస్తూ పగలబడి నవ్వారు. మర్నాడు పేపర్లో ఆ ఫొటో బాగా వచ్చింది.

ఆ వార్డులో మూడో మంచం అసిరితల్లిది. యాభై నాలుగేళ్ల మనిషి. మండలాఫీసు ఎదురుగా జిరాక్సు కొట్టు అరుగు మీద బల్ల వేసుకుని ఇరవై రెండేళ్లుగా అర్జీలు రాస్తోంది. పింఛను ఆగిపోయిందని, పట్టాలో సర్వే నంబరు తప్పుపడిందని, బతికున్న మొగుణ్ణి రేషను కార్డులో చంపేశారని, ఎవరికి ఏ కష్టం వచ్చినా ఆవిడ బల్ల దగ్గరికే వస్తారు. నోటితో చెప్పేటప్పుడు ఏడుపూ తిట్టూ కలిసి వచ్చేదంతా ఆవిడ కాగితం మీద "ఆర్యా" దగ్గర మొదలై "చిత్తగించవలెను" దగ్గర పద్ధతిగా ముగుస్తుంది. మూడు వారాల కిందట ఒక వితంతు పింఛను అర్జీ సగంలో ఉండగా పెన్ను జారిపోయింది. తీసుకుందామని వంగితే చెయ్యి వంగలేదు.

కాలు వచ్చింది. మాట వచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఒళ్లో బరువుగా పడి ఉండేది.

"కాలొచ్చినాది, మాటొచ్చినాది అంతన్నారు అందరూ," అంది సుహాసినితో. "ఆ రెండూ నాకెందుకమ్మా? నాను నడిసి బతికినానా, మాటాడి బతికినానా? ఈ సెయ్యొకటీ కావాల."

సుహాసిని రోగులకి అబద్ధం చెప్పే మనిషి కాదు. "మొదటి మూడు నెలల్లో ఎంత వస్తే అంత పిన్నీ. తర్వాత రావడం కష్టం," అంది. అసిరితల్లి గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. అర్జీదారులకి గడువు తేదీలు చెప్పీ చెప్పీ అలవాటైన మనిషి, లెక్క ఇట్టే వేసుకుంది.

అందుకే ఆ కేబులు కోసం సుహాసిని ప్రాణం కొట్టుకుపోయింది. బజారులో ఏ కొట్లో అడిగినా దొరికే వస్తువే. కాని ఆరేళ్ల సర్వీసులో ఆవిడ ఒక్కసారి సొంత టేబుల్ ఫ్యాను తెచ్చి వార్డులో పెట్టినందుకు, ప్రైవేటు గాలి ప్రభుత్వ రోగులకి ఎందుకు వీచిందో సంజాయిషీ ఇస్తూ ఆరు నెలలు తిరిగింది. కాబట్టి ఈసారి బుద్ధిగా ఇండెంటు రాసి స్టోరుకి వెళ్లింది.

స్టోరు చూసే సన్యాసిరావు చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్లుగా స్టోరులో ఉన్నాడు, అంతే.

"కేబులు ఒకటి అని రాసినారు మేడమ్. ఏ కేబులు?"

"గేముకీ టీవీకీ మధ్య పెట్టేది."

"అది చేసే పని. నానడిగింది పేరు. పేరు నేకపోతే కోడు నేదు, కోడు నేకపోతే వస్తువే నేదు."

"హెచ్‌డీఎమ్‌ఐ అంటారండీ. గేము వెనకాల రాసే ఉంది."

"గేము వెనకాల ఉన్నాది, ఒప్పుకున్నాను. టీవీ వెనకాల కూడా అదే ఉన్నాదని రుజువేటి?"

"టీవీ వెనక్కి తొంగి చూస్తే తెలిసిపోతుంది కదండీ."

సన్యాసిరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆడపిల్ల నోట అనరాని మాట విన్నట్టు చుట్టూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి విడమరిచి చెప్పాడు. టీవీని గోడకి మేకులతో బిగించారు. గోడకి బిగించిన వస్తువు గోడలో భాగం. గోడ ఇంజినీరింగు విభాగానిది. టీవీ ముందువైపు రోగులు చూడొచ్చు, అది వైద్యం. వెనకవైపు చూడటం మాత్రం కట్టడాన్ని తనిఖీ చేయడం కిందికి వస్తుంది. దానికి వాళ్ల అనుమతి కావాలి.

అనుమతి కోసం రాస్తూనే, ఊరికే ఉండటం ఎందుకని అతను తన దగ్గరున్న కేబుళ్లు ఒక్కొక్కటే పంపడం మొదలుపెట్టాడు. మొదటి వారం మేడ మీద యాంటెన్నాకి వేసే తెల్లతీగ వచ్చింది, చుట్టగా. రెండో వారం ఎరుపు, తెలుపు, పసుపు తలలున్న పాతకాలం సీడీ ప్లేయరు తీగ. మూడో వారం కంప్యూటరుకి పెట్టే నీలం తల తీగ, రెండు పక్కలా మరలతో. ఒక్కటీ గేము కన్నంలో పట్టలేదు. తిరిగి పంపేటప్పుడల్లా ఫారం నింపాలి. అందులో "సరిపోవునట్లు చేయుటకు తీసుకున్న చర్యలు" అని ఒక గడి ఉంది. సుహాసిని ఆలోచించి ఆలోచించి "గట్టిగా నొక్కడమైనది" అని రాసింది.

నెల అయ్యేసరికి విషయం జిల్లాకి ఎక్కింది. తగిన కేబులు ఏదో తేల్చడానికి చక్రపాణి గారి అధ్యక్షతన "తంత్రీ అనుసంధాన నిర్ధారణ సంఘం" ఏర్పడింది. ఆయన, ఇంజినీరింగు ఏఈ జగ్గారావు, డాక్టర్ పురుషోత్తం గారు ముగ్గురూ వార్డుకి వచ్చి టీవీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. రోగులు పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు.

"ముందుగా మనం నిర్ధారించుకోవలసినది కేబులు ఏది అన్నది కాదు," అన్నారు చక్రపాణి గారు. "కేబులు ఎవరిది అన్నది. దాని ఒక కొస వైద్యశాఖ పరికరంలో ఉంటుంది. రెండో కొస గోడలో, అనగా ఇంజినీరింగు విభాగపు ఆస్తిలో ఉంటుంది. ఈ అంశంపై స్పష్టత లేకుండా మనం ముందడుగు వేసినచో, రేపు కేబులులో లోపం తలెత్తినప్పుడు ఏ శాఖ బాధ్యత వహించవలెను?"

ఏఈ జగ్గారావు ఫైలు తెరిచాడు. "మా కొసకి మా ప్రమాణాలు పాటించాలి సార్. గోడకి తగిలే ఏ తీగకైనా ఇనప గొట్టం తొడగాలి."

"మా కొస రోగి దగ్గరుంటుంది," అన్నారు పురుషోత్తం గారు, తాను వెనకబడకూడదని. "రోగి దగ్గరుండే ఏ వస్తువునైనా మరిగే నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి తీయాలి."

చక్రపాణి గారు సంతృప్తిగా తలాడించారు. అంటే ఒక కొస ఇనప గొట్టంలో ఇమిడేది, మరో కొస నీళ్లలో మరిగినా పాడవనిది, అలాంటి కేబులు తగినదని రెండు కొసల వరకు తేలిపోయింది. మధ్యభాగం ఏ శాఖ కిందికీ రాకుండా ఉండిపోవడంతో దాని కోసం ఉపసంఘం వేశారు.

సుహాసినికి ఇక ఉండబట్టలేదు. "సార్, ఫోను టీవీ వెనక పెట్టి ఫొటో తీశాను. ఇదిగోండి, ఇక్కడ హెచ్‌డీఎమ్‌ఐ అని స్పష్టంగా ఉంది. గేముకీ అదే, టీవీకీ అదే. రెండు కొసలూ ఒకటే."

చక్రపాణి గారు చటుక్కున మొహం పక్కకి తిప్పుకున్నారు. "ఆ ఫొటో ఎవరి అనుమతితో తీశారు? తక్షణం తొలగించండి. సంఘం దానిని చూడలేదు. పురుషోత్తం గారూ, మీరు చూశారా?"

"లేదు సార్. నాకు దగ్గరి చూపు ఆనదు."

"ఏఈ గారూ?"

"నేను గోడనే చూస్తున్నాను సార్."

మూడో మంచం మీంచి అసిరితల్లి అంతా వింటోంది. ఆఫీసు భాష ఆవిడకి కొత్త కాదు. వాళ్లు వెళ్లాక, "అమ్మా, ఈళ్లు ఉపసంఘం అన్నారంటే ఇంక ఆ కాయితం మీద ఎండా వానా పడవు," అంది. "నా రోజులు ఎన్నయినాయి?"

"నలభై తొమ్మిది," అంది సుహాసిని. ఆ అంకె చెప్పడానికి ఆవిడకి సిగ్గేసింది.

ఇది చాలదన్నట్టు నెలవారీ నివేదిక ఒకటి వచ్చిపడింది. "ఆటాడిన రోగుల సంఖ్య" అన్న గడిలో సున్నా వేస్తే కంప్యూటరు ఒప్పుకోదు, ఎర్రగా మెరిసి ఆగిపోతుంది. చక్రపాణి గారి ఆఫీసు నుంచి సర్క్యులరు దిగింది. కేబులు రాలేదన్న కారణంతో ఆట నిలుపుదల చేయరాదు. తెర వెలుగుట, వెలగకపోవుట సాంకేతిక విషయము. రోగులు యథావిధిగా రోజుకి గంటసేపు ఆడవలెను.

ఆ విధంగా గంధవరం ఆసుపత్రిలో ప్రతి ఉదయం పదకొండింటికి ఆరుగురు రోగులు వరసగా కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు రిమోటు తగిలించుకుని, నల్లటి టీవీ ముందు చెయ్యి కదిపేవారు. కదపలేనివాళ్లు కదిపినట్టు కూర్చునేవారు. స్కోరు రాయాలి కాబట్టి సన్యాసిరావు సలహా మీద అందరికీ సగటున నలభై వేసేవారు.

"పడతన్నాయేటి పిన్నీ, మావిడికాయలు?" అని పక్క మంచం ఆవిడ అడిగేది.

"పడతన్నాయి. అన్నీ పులుపే," అనేది అసిరితల్లి. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి పట్టుకుని, పదికో పన్నెండుకో మొహం తిప్పేసుకునేది.

ఉపసంఘం నివేదిక తయారయిందని చక్రపాణి గారు సంతకాల కోసం స్వయంగా వచ్చిన రోజున సుహాసిని సూపరింటెండెంటు గదిలోనే ఉంది. నాలుగు వందల పేజీలు. కేబులు మధ్యభాగం ఎంత పొడవుండాలో తేల్చడానికి మూడు జిల్లాల్లో పర్యటించాలని అందులో సిఫారసు. ఆ కట్టని ఆయన బల్ల మీద దబ్బున పెట్టారు. దాని చుట్టూ రెండు వరసలు తిప్పి ముడివేసిన నల్లటి కొత్త తీగ. ముడి దగ్గర రెండు తలలూ పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. సుహాసిని వంగి చూసింది. మళ్లీ చూసింది.

"సార్, ఇదే కేబులు."

"ఏది?"

"ఫైలుకి కట్టినది. మనకి కావలసింది ఇదే సార్."

చక్రపాణి గారు పసిపిల్లని చూసినట్టు జాలిగా చూశారు. "అమ్మా, అది కట్టు. ఫైలుకు కట్టిన ఏ వస్తువైనా స్టేషనరీ అవుతుంది. విద్యుత్ స్టోరులో ఎందుకు వచ్చాయో తెలియని తీగలు రెండు వందల ముప్పై పడి ఉంటే మా కార్యాలయానికి బదలాయించారు. నూలు టేపు కంటే గట్టిగా ఉన్నాయి."

"ఒక్కటి ఇప్పించండి సార్."

"స్టేషనరీని వైద్యానికి మళ్లించడమా? మీరు చదువుకున్నవారు."

సుహాసినికి తల తిరిగిపోయింది. కోపం వచ్చింది, ఆ కోపంలో భయం కొట్టుకుపోయింది. సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వెళ్లేసరికి అత్తగారు కాఫీ గ్లాసుతో సీరియల్ ముందు కూర్చుని ఉన్నారు. కోడలు చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా వచ్చి, టీవీ వెనక చెయ్యి పెట్టి, డిష్ పెట్టెకీ టీవీకీ మధ్యనున్న కేబులు లాగేసింది.

"ఇదేమిటే, ఆ పిల్ల మెళ్లో తాళి కట్టబోతున్నాడు," అన్నారావిడ.

"రేపు కూడా కడుతూనే ఉంటాడు లెండి అత్తయ్యా."

అది నిజమేనని ఇద్దరికీ తెలుసు కాబట్టి గొడవ పెద్దది కాలేదు.

మర్నాడు పదకొండింటికి ఒక తల గేములో, ఒక తల టీవీలో గుచ్చడానికి సుహాసినికి అర నిమిషం పట్టింది. తెర వెలిగింది. పచ్చటి తోట, కింద బుట్ట, పైనుంచి రాలుతున్న మామిడికాయలు. అసిరితల్లి చేతికి రిమోటు తగిలించి, మోచెయ్యి కింద దిండు పెట్టింది సుహాసిని. మొదటి కాయ పోయింది. పదో కాయ పోయింది. ముప్పయ్యోది ఎక్కడో బుట్ట అంచుకి తగిలి లోపల పడింది. అసిరితల్లి నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. చెయ్యి జరిగింది బెత్తెడే. అయితేనేం, ఎడమచెయ్యి సాయం లేకుండా జరిగింది.

ఆ తర్వాత ఆవిణ్ణి ఆపడం కష్టమైపోయింది. భోజనం ట్రాలీ వచ్చినా లేచేది కాదు. వారానికి చెయ్యి ఒళ్లోంచి బల్ల మీదికి వచ్చింది. రెండో వారానికి గడ్డం దాకా లేచింది. మూడో వారం స్టీలు గ్లాసు పట్టుకుంది, నాలుగో వారం జాకెట్టు హుక్కులు తనే పెట్టుకుంది. సుహాసిని రోజూ బల్ల మీద ఒక పెన్నూ కాగితమూ పెట్టి వెళ్లేది. దాన్ని మాత్రం అసిరితల్లి ముట్టలేదు.

"ఒకసారి పట్టుకుని చూడండి పిన్నీ."

"వద్దమ్మా. గ్లాసు జారితే నీళ్లొలుకుతాయి, తుడుసుకుంతాను. పెన్ను జారితే..." అని ఆగిపోయింది. "ఇంకా రోజులున్నాయి గదా. రేపు సూద్దాం."

సుహాసిని బలవంతం చేయలేదు. ఆవిడ చేసిన తప్పల్లా నెలాఖరు నివేదికలో నిజం రాయడం. మిగతా ఆసుపత్రులన్నీ రోగులందరికీ సగటున నలభై వేసి పంపాయి. గంధవరం నుంచి మాత్రం "మూడో మంచం రోగి కుడిచేతి కదలికలో గణనీయమైన మెరుగుదల" అని వెళ్లింది. పథకం మొదలైన తర్వాత జిల్లాలో ఎవరికైనా బాగవడం అదే మొదటిసారి కావడంతో చక్రపాణి గారి ఆఫీసు అదిరిపడింది.

రెండు రోజుల్లో ఆయన దిగారు. నేరుగా వార్డులోకి వచ్చి, వెలుగుతున్న తెరని చూసి, గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. సన్యాసిరావుకి రబ్బరు గ్లవుజులు తొడిగించి కేబులు పీకించారు. తోట మాయమైంది.

"ఇంకో రెండు కాయలు పట్టుంటే ఆట అయిపోను గదా బాబూ," అంది అసిరితల్లి.

కేబులుని కవరులో పెట్టి లక్క ముద్ర వేశారు. సూపరింటెండెంటు గదిలో విచారణ మొదలైంది. సుహాసిని నిలబడి ఉంది. సాక్షి కాబట్టి అసిరితల్లికి కుర్చీ వేశారు.

"అనుమతి పొందిన కేబులు ఇంకా రాలేదు," అన్నారు చక్రపాణి గారు, మాట మాటకీ ఆగుతూ. "కేబులు లేనిదే ఆట లేదు. ఆట లేనిదే మెరుగుదల లేదు. కావున ఈ రోగి చేయి కదలడం అనేది పథకం నియమాల ప్రకారం జరగడానికి వీల్లేదు. ఇక మిగిలినవి రెండే మార్గాలు. చేయి నిజంగా కదిలినచో, ఈ ఫిజియోథెరపిస్టు ప్రైవేటు తీగను ప్రభుత్వ గోడకు కలిపినట్లు. సస్పెన్షన్, ఆపై చార్జిషీటు. కదలనిచో, నివేదికలో అక్షర దోషం దొర్లినట్లు. హెచ్చరికతో సరి."

"చెయ్యి కదిలింది కదా సార్, మీ ఎదురుగానే ఉంది," అంది సుహాసిని.

"నేను ఎదురుగా ఉన్నవాటిని బట్టి నిర్ణయాలు తీసుకోనమ్మా. రికార్డును బట్టి తీసుకుంటాను." ఆయన అసిరితల్లి వైపు తిరిగారు. స్వరం మెత్తబడింది. ఆయన చెడ్డవారు కారు, ఒక ఉద్యోగం పోకుండా చూడాలన్నదే ఆయన తాపత్రయం. "చూడమ్మా, మీ చేతిలో ఏ మార్పూ లేదని ఒక్క వాంగ్మూలం ఇస్తే చాలు. ఈవిడ ఉద్యోగం నిలబడుతుంది. ముసాయిదా నేనే రాసి తెచ్చాను. ఎడమచేతి వేలిముద్ర వేయండి."

"వద్దు పిన్నీ," అంది సుహాసిని. "మీ చెయ్యి మీకు వచ్చింది. దాన్ని రాలేదని చెప్పకండి. నా సంగతి నేను చూసుకుంటాను."

అసిరితల్లి ఆవిడ వైపు చూసింది. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని చదివింది. చదువుతుంటే మొహం చిట్లించింది. చక్రపాణి గారి స్టాంపు ప్యాడు తెరిచి సిద్ధంగా ఉంది.

"ఇదేటి బాబూ," అందావిడ. "ఎవురికి రాసినారో నేదు, ఎవురు రాసినారో నేదు, విషయం నేదు, తేదీ నేదు. ఇలాటి కాయితం ఇస్తే మా మండలాఫీసులో బంట్రోతు కూడా పుచ్చుకోడు. ఈ పిల్ల ఉద్యోగం దీని మీదా నిలబడాల?"

"అందులో తప్పేముంది?" అన్నారు చక్రపాణి గారు. జీవితంలో ఆయన డ్రాఫ్టుని ఎవరూ అంత మాట అనలేదు.

"తప్పు కాదు బాబూ, అసలు కాయితమే కాదిది. ఓ తెల్ల కాయితం ఇయ్యండి."

ఇచ్చారు. అసిరితల్లి దాన్ని సరిగ్గా తన ముందుకి జరుపుకుంది. ఎడమవైపు మార్జిను మడత పెట్టింది. బల్ల మీద ఉన్న పెన్ను అందుకుంది, ఏ చేత్తో అందుకుందో చూసుకోను కూడా లేదు. మొదటి అక్షరం వంకర పోయింది. రెండో వరస కిందికి వాలింది. మూడో వరస నుంచి అక్షరాలు గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి, ఇరవై రెండేళ్లుగా జిరాక్సు కొట్టు అరుగు మీద కూర్చున్నట్టే కూర్చున్నాయి.

"గంధవరం ఏరియా ఆసుపత్రి, మూడవ నంబరు మంచము, అసిరితల్లి వ్రాసి ఇచ్చుకొను వాంగ్మూలము. విషయము: నా కుడిచేయి కదలకుండుట గురించి. ఆర్యా, నేను పక్షవాతమునకు లోనై ఈ ఆసుపత్రియందు చేరిన నాటి నుండి నేటి వరకు నా కుడిచేతియందు ఎట్టి చలనమును కలుగలేదనియు, సదరు చేతితో గ్లాసు గాని, దువ్వెన గాని, కలము గాని పట్టుకొనజాలననియు, ఫిజియోథెరపిస్టు గారి నివేదికలో దొర్లిన మాట కేవలము పొరపాటనియు, ఇందుమూలముగా తెలియజేసుకొనుచున్నాను. కావున వారిపై ఎట్టి చర్యయు తీసుకొనవలదని ప్రార్థన. చిత్తగించవలెను."

కింద సంతకం చేసి, తేదీ వేసి, కాగితం ఆయన వైపు తిప్పింది.

చక్రపాణి గారు మొదట అనుమానంగా, తర్వాత ఆసక్తిగా, చివర గౌరవంగా చదివారు. పురుషోత్తం గారికి అందించారు. దగ్గరి చూపు ఆనని పురుషోత్తం గారు కూడా చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదివి తలాడించారు.

"ముత్యాల్లాంటి దస్తూరీ," అన్నారు చక్రపాణి గారు. "ఒక్క కొట్టివేత లేదు. మా కార్యాలయంలో ఇంత శుభ్రంగా రాసేవారు ఒక్కరూ లేరమ్మా. ఒక్క చిన్న లోటు. వాంగ్మూలం ఎవరు రాశారో, ఏ చేతితో రాశారో చివర పేర్కొనాలి. విచారణ ఫారంలో ఆ గడి ఉంది."

అసిరితల్లి కాగితం మళ్లీ తీసుకుని, సంతకం కింద ఒక వరస చేర్చింది: "పై వాంగ్మూలము నేను స్వయముగా నా కుడిచేతితో వ్రాసితిని."

చక్రపాణి గారు చదివి, గడి నిండిందని నిర్ధారించుకుని, స్టాంపు వేసి, ఫైలులో పెట్టి కట్టేశారు. అదే రోజు అసిరితల్లిని ఇంటికి పంపేస్తూ, డిశ్చార్జి చీటీలో "మెరుగుదల లేదు" అని రాయించారు.

వార్డులో అసిరితల్లి బట్టలు సర్దుకుంటుంటే సుహాసిని గోడకి తిరిగి ఏడ్చింది. సంతోషమో, అవమానమో, అత్తగారి కేబులు ఇక తిరిగి రాదన్న బెంగో, అన్నీ కలిసే వచ్చాయి. అసిరితల్లి సంచీ కుడిభుజానికి తగిలించుకుని దగ్గరికి వచ్చింది.

"ఏడవకమ్మా," అంది. "ఇరవై రెండేళ్లు ఊరందరి నిజాలూ రాసినాను. ఒక్కదానికీ ఈ ఆఫీసుల్లో అదే రోజు పని జరగనేదు. ఈ పొద్దు ఓ అబద్ధం రాసినాను, పావుగంటలో అయిపోనాది. ఇంక ఎలా రాయాలో తెలిసినాది గదా, ఎల్లొస్తాను. ఆ పింఛను అర్జీ సగంలో ఉండిపోనాది."